‘సూన్’ని సరిగ్గా వాడటం ఎలా? త్వరగా, త్వరలో, పెందలాడే

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు పొద్దున పదిన్నరకి మా పై అధికారికి మెయిల్ పెట్టాను: “టుడే ఐ విల్ లీవ్ సూన్.” సాయంత్రం ఆరింటిదాకా ఉండకుండా నాలుగింటికే వెళ్లిపోతానని చెప్పడం నా ఉద్దేశం. పదకొండింటికి ఆయన నా బల్ల దగ్గరికొచ్చి “ఇంకా వెళ్లలేదా? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?” అని ఇంగ్లీషులో అడిగాడు. ఆయనకి తెలుగు రాదు. మెయిల్‌లో ఆయన చదివింది “ఇవాళ నేను ఇంకాసేపట్లో వెళ్లిపోతున్నా” అని. నేను రాసిందీ అదే. నేను అనుకున్నది మాత్రం వేరు.

ఈ పొరపాటు ఎందుకు జరిగిందో తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. సూన్ అంటే అర్థం తెలియక కాదు, నా తలలో ఉన్న ‘త్వరగా’ అనే తెలుగు మాట వల్ల జరిగింది. ఆ ఒక్క మాటతో మనం మూడు పనులు చేయించుకుంటాం. “త్వరగా కోలుకోవాలి” అంటాం, “త్వరగా నిద్రలేవాలి” అంటాం, “త్వరగా తిను” అంటాం. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు వేర్వేరు మాటలున్నాయి: సూన్, ఎర్లీ, క్విక్లీ. కాబట్టి సూన్ నేర్చుకోవాలంటే మొదటి పని తెలుగులోనే చేసుకోవాలి.

మొదటి అడుగు: ‘త్వరగా’ని తీసేసి చూడండి

మీరు చెప్పదలుచుకున్న వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. అందులో ‘త్వరగా’ గానీ ‘తొందరగా’ గానీ ఉంటే దాన్ని తీసేసి, ఆ చోట మూడు మాటలు పెట్టి చూడండి. ‘కాసేపట్లో’ లేదా ‘కొద్దిరోజుల్లో’ కుదిరితే అది సూన్. ‘పెందలాడే’ లేదా ‘ముందుగానే’ కుదిరితే ఎర్లీ. ‘గబగబా’ కుదిరితే క్విక్లీ, లేదా ఫాస్ట్.

“నేను రోజూ త్వరగా లేస్తాను.” ఇక్కడ ‘కాసేపట్లో’ పెడితే అర్థమే లేదు. ‘గబగబా’ పెడితే మంచం మీంచి దూకుతున్నట్టు ఉంటుంది. ‘పెందలాడే’ చక్కగా కుదిరింది. కాబట్టి “ఐ గెట్ అప్ ఎర్లీ” అనాలి. “గెట్ అప్ సూన్” అంటే ఇప్పుడు పడుకుని ఉన్నవాడు ఇంకాసేపటికి లేస్తాడని. నా మెయిల్‌ని ఈ పరీక్షకి పెట్టి ఉంటే “ఐ విల్ లీవ్ ఎర్లీ టుడే” అని రాసేవాణ్ణి, ఇంట్లోవాళ్ల ఆరోగ్యం గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఒకే తెలుగు వాక్యం మూడు రకాలుగానూ పలికే సందర్భాలుంటాయి. అక్కడే ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. “వాళ్లు త్వరగా పెళ్లి చేసుకున్నారు” అన్నారనుకోండి. చిన్న వయసులోనే చేసుకున్నారని మీ ఉద్దేశమైతే “దే మ్యారీడ్ ఎర్లీ”. పరిచయమైన కొద్దిరోజులకే చేసుకున్నారంటే “దే మ్యారీడ్ సూన్ ఆఫ్టర్ దే మెట్”. ఆలోచించకుండా హడావిడిగా కానిచ్చేశారంటే “దే మ్యారీడ్ క్విక్లీ”, ఇంకా గట్టిగా చెప్పాలంటే “ఇన్ ఎ హర్రీ”. తెలుగులో ఏ అర్థమో మాట తీరుని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ముందే తేల్చుకోవాలి.

‘త్వర’ అంటే సంస్కృతంలోనే తొందర అని. పుట్టుకతోనే అందులో వేగం ఉంది. సూన్‌లో వేగం లేదు, ఈ క్షణానికి దగ్గరలో ఉండటం మాత్రమే ఉంది. గమ్యానికి నాలుగడుగుల దూరంలో ఉన్న తాబేలు కూడా సూన్ చేరుతుంది, అది క్విక్లీ నడవకపోయినా. అందుకే పక్కగదిలో ఉన్న మనిషిని కంగారుగా పిలవాల్సి వచ్చినప్పుడు “కమ్ సూన్!” అనకూడదు. “కమ్ సూన్” అనేది దూరాన ఉన్నవాళ్లకి రాసే మాట, “మళ్లీ త్వరలో రండి” లాంటిది. కంగారైతే “కమ్ క్విక్!” అనండి, చాలు.

మనకో సులువైన గుర్తు కూడా ఉంది. ‘త్వరగా’తోనే ఈ గొడవంతా. ‘త్వరలో’ అనే మాటతో ఏ గొడవా లేదు. వాక్యంలో ‘త్వరలో’ కుదిరిందంటే కళ్లు మూసుకుని సూన్ పెట్టుకోవచ్చు. ‘గా’ అనేది ఎలా జరిగిందో చెబుతుంది, ‘లో’ అనేది ఎంతలో జరుగుతుందో చెబుతుంది. సూన్ ఈ రెండోదే. జరిగిపోయిన సంగతికి కూడా ఇదే లెక్క: ‘కొద్దిసేపటికే’, ‘అనతికాలంలోనే’ అనే చోట సూన్ వస్తుంది. “సూన్ హి రియలైజ్డ్ ది మిస్టేక్” అంటే కాసేపటికే తప్పు తెలుసుకున్నాడని.

ఈ హద్దులు ఇంగ్లీషువాళ్లు కూడా ఎప్పుడూ పాటించరు. ‘సూనర్’, ‘ఎర్లియర్’ అనే రూపాల దగ్గరికొచ్చేసరికి ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తారు. “నువ్వు ముందే చెప్పాల్సింది” అనడానికి “యు షుడ్ హావ్ టోల్డ్ మీ సూనర్” అన్నా సరే, “ఎర్లియర్” అన్నా సరే. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రానికి సూనర్ స్టేట్ అనే ముద్దుపేరు ఉంది. అక్కడి భూములని 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం పన్నెండింటికి జనానికి వదులుతామని ప్రభుత్వం ప్రకటించింది. ఎవరు ముందు పరుగెత్తి జెండా పాతితే వాళ్లదే స్థలం. కొందరు ఆ గడియ రాకముందే దొంగచాటుగా లోపలికి వెళ్లి మంచి స్థలాలు పట్టుకు కూర్చున్నారు. వాళ్లకి సూనర్స్ అని పేరు పడింది. మొదట తిట్టుగా ఉన్న మాట తరవాత గర్వంగా చెప్పుకునే పేరయింది. అంతకుముందు ఆ నేల మీద ఉన్న ఆదివాసీ జాతుల సంగతి ఆ ముద్దుపేరులో ఎక్కడా కనపడదనుకోండి.

రెండో అడుగు: ఎంత దూరమో చూసి పర్యాయపదం ఎంచుకోండి

నిఘంటువు తీస్తే సూన్ కింద పది మాటలు వరసగా ఉంటాయి. వాటిని ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చనుకుంటే ఇబ్బందే. ప్రతిదానికీ ఒక దూరం ఉంది, ఒక గొంతు ఉంది.

అన్నిటికన్నా దగ్గరివి ‘ఇమీడియట్లీ’, ‘రైట్ అవే’. ఇవి సూన్‌కి పర్యాయపదాలు కావు, వీటిలో ఆలస్యానికి చోటే లేదు. మన ‘వెంటనే’కి, ‘తక్షణమే’కి సరిపోతాయి. ‘ఇమీడియట్లీ’లో కాస్త ఆజ్ఞ ఉంది. ‘రైట్ అవే’లో సాయం చేస్తున్న గొంతు ఉంది, అందుకే ఎవరైనా పని అప్పజెబితే “ఐ విల్ డు ఇట్ రైట్ అవే” అనడం బాగుంటుంది.

‘ఇన్ ఎ మినిట్’ అంటే మన “ఒక్క నిమిషం” లాంటిదే. ఏ గడియారమూ దాన్ని కొలవదు. ‘ఎనీ మినిట్ నౌ’ మాత్రం వేరు. ఎదురుచూస్తున్నవాళ్లు అనే మాట అది: “ఏ క్షణాన్నైనా వచ్చేయొచ్చు.” మీ పని గురించి మీరే “ఐ విల్ ఫినిష్ ఎనీ మినిట్ నౌ” అంటే, పని మీ చేతుల్లో లేనట్టు వినిపిస్తుంది.

‘షార్ట్లీ’ సూన్ కన్నా కొంచెం దగ్గర, కొంచెం మర్యాద. మైకులో వినిపించే ప్రకటనలు, ఆఫీసు ఉత్తరాలు దాని ఇల్లు. స్నేహితుడికి “ఐ విల్ కమ్ షార్ట్లీ” అని మెసేజ్ పెడితే వాడు నవ్వుతాడు. దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. కథల్లో “హి ఆన్సర్డ్ షార్ట్లీ” అని కనిపిస్తే ‘కాసేపట్లో జవాబిచ్చాడు’ అని చదువుకోవద్దు, ‘విసురుగా, రెండు ముక్కల్లో జవాబిచ్చాడు’ అని.

‘బిఫోర్ లాంగ్’ అంటే “ఎంతోకాలం గడవకముందే”. చెబుతున్నవాడు కాస్త తాపీగా కూర్చుని చెబుతున్నట్టుంటుంది. కథ చెప్పేటప్పుడు బాగుంటుంది, పని అప్పజెప్పేటప్పుడు పనికిరాదు. ‘ఇన్ నో టైమ్’ అంటే చిటికెలో. పైన సూన్‌లో వేగం లేదన్నాను కదా, ఇందులో ఉంది: పని మొదలుపెట్టాక పూర్తవడానికి ఏమంత సమయం పట్టదని అర్థం.

ఇక దూరంగా ఉండేవి. ‘ఇన్ ది నియర్ ఫ్యూచర్’ అనేది ప్రకటనల భాష. విన్నప్పుడు నెలలు అనుకోవడం మంచిది. ‘ఇన్ డ్యూ కోర్స్’ అంటే జరగాల్సిన క్రమంలో, జరగాల్సిన వేళకి. “వుయ్ విల్ రిప్లై ఇన్ డ్యూ కోర్స్” అని జవాబొస్తే, ఈలోగా మళ్లీ అడగకండి అని మర్యాదగా చెప్పారన్నమాట. ‘సూనర్ ఆర్ లేటర్’ అయితే కాలాన్ని లెక్కే చెయ్యదు. ఎప్పటికైనా తప్పదని మాత్రమే చెబుతుంది, “ఇవాళ కాకపోతే రేపు” అన్నట్టు.

మూడో అడుగు: పాత అర్థాలని కనిపెట్టుకుని ఉండండి

ఈ భాగం ఉద్యోగానికీ పరీక్షకీ అంతగా అక్కరకి రాదు. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పాత ఇంగ్లీషు చదివేవాళ్లకి తప్పనిసరి కూడా.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో సూన్‌ని ‘సోనా’ అనేవాళ్లు. దాని అర్థం ‘కాసేపట్లో’ కాదు, ‘ఇప్పుడే, తక్షణం’ అని. జనం “ఇప్పుడే చేస్తా” అంటూ అంటూ ఆలస్యం చేస్తూ పోయారు, మాట కూడా వాళ్లతోపాటే జారిపోయింది. దాని స్థానంలోకి ‘అనాన్’ వచ్చింది. మొదట్లో దానికీ ‘వెంటనే’ అనే అర్థం. అదీ జారి ‘కాసేపట్లో’ అయింది. తరవాత ‘ప్రెజెంట్లీ’ వచ్చింది, అదీ అంతే. ‘బై అండ్ బై’ కూడా అంతే. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, మార్కు సువార్త ఆరో అధ్యాయంలో, బాప్తిస్మమిచ్చే యోహాను తల పళ్లెంలో పెట్టి ఇమ్మని హేరోదియ కూతురు హేరోదు రాజుని ‘బై అండ్ బై’ అంటూ అడుగుతుంది. ఇప్పటి ఇంగ్లీషు అర్థంతో చదివితే “ఎప్పుడో నిదానంగా ఇద్దురులెండి” అన్నట్టుంటుంది. ఆమె అడిగింది ఇప్పటికిప్పుడు.

మనకిది వింతేం కాదు. “ఇదిగో వచ్చేస్తున్నా” అన్న మనిషి చెప్పులు ఇంకా వేసుకోలేదని మనకి తెలుసు. ‘ఇప్పుడే’ అనే మాట “ఇప్పుడే వచ్చాను”లో గడిచిన క్షణం, “ఇప్పుడే వస్తాను”లో రాబోయే అరగంట. దక్షిణాఫ్రికా ఇంగ్లీషులో ‘జస్ట్ నౌ’ అంటే కాసేపాగి అని. ఆ కాసేపు ఎంతైనా కావచ్చు. అంతకన్నా తొందరగా కావాలంటే ‘నౌ నౌ’ అంటారు. అక్కడివాళ్లతో పనిచేసేవాళ్లు ఈ రెండూ రాసి పెట్టుకోవాలి.

నాలుగో అడుగు: దేశాన్ని బట్టి మారేవాటిని పక్కన పెట్టండి

మూడు మాటలు ముఖ్యంగా ఇబ్బంది పెడతాయి.

‘మొమెంటరిలీ’ అంటే బ్రిటన్‌లో ‘క్షణకాలం పాటు’. అమెరికాలో ‘క్షణంలో’ అనే అర్థం కూడా ఉంది. విమానం “విల్ బి ల్యాండింగ్ మొమెంటరిలీ” అని అమెరికన్ పైలట్ అంటే కాసేపట్లో దిగుతుందని. బ్రిటిష్ చెవికి మాత్రం, ఒక్క క్షణం నేలని తాకి మళ్లీ లేచిపోతుందన్నట్టు వినిపించి నవ్వొస్తుంది. ‘ప్రెజెంట్లీ’ కూడా ఇలాంటిదే. కొందరికి ‘కాసేపట్లో’, ఇంకొందరికి ‘ప్రస్తుతం’. అమెరికాలో, స్కాట్లాండ్‌లో ‘ప్రస్తుతం’ అనే అర్థం ఎక్కువ. “షి ఈజ్ ప్రెజెంట్లీ వర్కింగ్” అంటే పని చేస్తోందని, “షి విల్ కమ్ ప్రెజెంట్లీ” అంటే కాసేపట్లో వస్తుందని, క్రియని బట్టి ఊహించుకోవచ్చు. రాసేటప్పుడు మాత్రం ఈ రెండు మాటల జోలికే పోకండి. ‘సూన్’ అనండి, ‘కరెంట్లీ’ అనండి, ఎవరికీ అనుమానం రాదు.

మూడోది మన దగ్గరే పెరిగింది: ‘ఎట్ ది ఎర్లియెస్ట్’. “ప్లీజ్ రిప్లై ఎట్ ది ఎర్లియెస్ట్” అని మనం ధారాళంగా రాస్తాం, భారత ఉపఖండంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకి దాని అర్థం దాదాపు ఎదురు. “మండే ఎట్ ది ఎర్లియెస్ట్” అంటే ‘సోమవారం కన్నా ముందైతే కుదరదు’ అని. తొందరపెడుతున్నామని మనం అనుకుంటాం, చదివేవాడు ఆ వాక్యం దగ్గర ఆగిపోతాడు. దాని బదులు “యాజ్ సూన్ యాజ్ యు కెన్” అని రాయండి. పెద్దవాళ్లకో, తెలియనివాళ్లకో రాస్తుంటే “ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియన్స్” అనొచ్చు, అంటే మీకు వీలు చిక్కగానే అని. అయితే దాంట్లో తొందర కనపడదు. నిజంగా ఇవాళే కావాలంటే ఇవాళే కావాలని రాయాలి. ‘ఏ ఎస్ ఏ పి’ (‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’కి పొట్టిరూపం) అనేది తోటివాళ్ల మధ్య సరే. పైవాళ్లకి పెడితే ఆజ్ఞాపించినట్టుంటుంది, రోజూ పెడితే దానికి విలువే ఉండదు.

అయిదో అడుగు: వాక్యంలో కూర్చోబెట్టడం

ఇక్కడ తెలుగు మనకి భలే సాయం చేస్తుంది. ‘యాజ్ సూన్ యాజ్’ అంటే మన ‘గానే’. “చేరగానే ఫోన్ చేస్తాను.” తేడా ఒక్కటే. మన ‘చేరగానే’కి కాలం లేదు: చేరగానే చేశాను, చేరగానే చేస్తాను, రెంటికీ అదే. ఇంగ్లీషులో క్రియ మారుతుంది, అదీ మనం ఊహించినట్టు కాదు. రేపటి సంగతైనా ‘విల్’ పెట్టకూడదు. “ఐ విల్ కాల్ యు యాజ్ సూన్ యాజ్ ఐ అరైవ్” సరైనది. “యాజ్ సూన్ యాజ్ ఐ విల్ అరైవ్” తప్పు. ‘విల్’ వాక్యంలో ఒక్కసారే, ఫోన్ చెయ్యడం దగ్గర. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే ‘వెన్’, ‘ఆఫ్టర్’, ‘వన్స్’ అన్నిటికీ పనికొస్తుంది. ‘చేరిన మరుక్షణం’ అని ఒత్తి చెప్పాలంటే “ది మొమెంట్ ఐ అరైవ్”.

‘నో సూనర్... దేన్’ని చూసి చాలామంది భయపడతారు, వ్యాకరణం పుస్తకం దాన్ని అంత గంభీరంగా చెబుతుంది మరి. తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే పలుకుబడి ఉంది: ‘నో లేదో’. “కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది.” “నో సూనర్ హ్యాడ్ ఐ సాట్ డౌన్ దేన్ ది ఫోన్ రాంగ్.” గుర్తుంచుకోవాల్సినవి రెండు: ‘హ్యాడ్’ ముందుకొస్తుంది, తరవాత ‘దేన్’ రావాలి గానీ ‘వెన్’ కాదు. ‘వెన్’ కావాలంటే ‘హార్డ్లీ’తో మొదలుపెట్టాలి. మాట్లాడేటప్పుడు ఇవి అక్కర్లేదు, కథలకీ పరీక్షలకీ ఉంచుకోండి.

‘వుడ్ సూనర్’ చూస్తే కాలం గురించనిపిస్తుంది, కాదు. “ఐ వుడ్ సూనర్ వాక్ దేన్ వెయిట్” అంటే ఎదురుచూడటం కన్నా నడిచి వెళ్లడమే నయం అని. దేనికి ముందు సిద్ధపడతామో అదే మనకి ఎక్కువ ఇష్టం, అలా కాలం కాస్తా ఇష్టంగా మారింది. ‘రాదర్’ది కూడా ఇదే దారి. అది కూడా ఒకప్పుడు ‘ఇంకా త్వరగా’ అనే అర్థమున్న మాటే.

‘టూ సూన్ టు సే’ అంటే ఇప్పుడే చెప్పలేం అని. ‘నాట్ ఎ మొమెంట్ టూ సూన్’ అంటే సరిగ్గా సమయానికి, ఇంకాస్త ఆలస్యమైతే కొంప మునిగేదన్నట్టు.

ఆరో అడుగు: సూన్ చెప్పినవాళ్లని అడగండి

మీకెవరైనా “సూన్ పంపిస్తాం” అని రాస్తే అదెంతో అడగాలి. “వెన్?” అని ఒక్క ముక్కలో అడిగితే నిలదీసినట్టుంటుంది. “హౌ సూన్ డు యు థింక్ ఇట్ విల్ బి రెడీ?” అంటే మెత్తగా ఉంటుంది, జవాబులో తేదీ వస్తుంది. ‘హౌ ఫాస్ట్’ అని అడగకండి, అది వేగం. ‘హౌ ఎర్లీ’ కూడా వద్దు, అది పొద్దున్నే ఎన్నింటికి మొదలుపెట్టగలరని అడిగినట్టు.

మీరు చెప్పేటప్పుడు కూడా వీలైతే సూన్ తీసేసి ‘బై’ పెట్టండి. “బై ఫ్రైడే” అంటే శుక్రవారంలోగా. దీన్ని ‘టిల్ ఫ్రైడే’తో కలిపేయొద్దు, అది శుక్రవారం దాకా. ‘లోగా’ వస్తే బై, ‘దాకా’ వస్తే టిల్. “ఐ విల్ ఫినిష్ ది వర్క్ టిల్ ఫ్రైడే” అని రాసిన మెయిళ్లు నా పాత ఫోల్డర్‌లో ఇంకా ఉన్నాయి, “టుడే ఐ విల్ లీవ్ సూన్” పక్కనే.